హగరి ఇసకకు వెడల్పు టైరా, రేగడికి సన్న టైరా?

ఉరవకొండ దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినాయనకు 36 ఏళ్ళు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి అవి పక్కన పెట్టి, నాలుగు పేజీల్లో ఆయన చెప్పుకున్నది కుదించి చెబుతాను.

ఉరవకొండలో ఎరువులు, పురుగుమందుల అంగడి నడుపుతున్నారు. ఊళ్ళో తొమ్మిదెకరాల నల్లరేగడి ఉంది, నాయన చూసుకుంటాడు, పప్పుశనగ వేస్తారు. రెండేళ్ళ కిందట బళ్ళారిలో ఒకరి దగ్గర పాత మహీంద్రా థార్ జీపు కొన్నారు. 2014 మోడలు, ఫోర్ వీల్ ఉన్నది, అంటే వేసుకుంటే నాలుగు చక్రాలూ లాగుతాయి. రోజూ అంగడికి తారురోడ్డు మీద పోనూ రానూ 40 కిలోమీటర్లు. వారానికి ఒకటి రెండు సార్లు చేనికి. నెలకోసారి అత్తగారి ఊరికి. ఆ ఊరు బొమ్మనహాళ్ వైపు, హగరి ఏటి ఒడ్డున. చివరి రెండు కిలోమీటర్లకు దారంటూ లేదు. గాలికి కొట్టుకొచ్చిన ఇసక దిబ్బల మధ్య, ముందు పోయిన బండ్ల జాడ పట్టుకుని పోవాల్సిందే.

పోయిన ఆషాఢంలో, గాలి ఆగకుండా వీచే రోజుల్లో, రెండేళ్ళ బిడ్డకు జ్వరం వస్తే భార్యను, బిడ్డను తీసుకుని సాయంత్రం పూట అక్కడి నుంచి బయల్దేరారు. చీకటి పడే వేళకు బండి ఇసకలో దిగబడింది. ఎంత తొక్కితే అంత లోతుకు పోయింది. ఫోర్ వీల్ వేశారు, లాభం లేకపోయింది. దగ్గర్లోని తోట నుంచి ట్రాక్టరు వచ్చి లాగేసరికి రెండు గంటలు. బిడ్డకు ఏమీ కాలేదు. కానీ అత్తగారు బంధువుల ముందు "జ్వరమొచ్చిన బిడ్డని ఇసకలో కూచోబెట్టినాడు" అన్న మాట ఈయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు టైర్లు అరిగాయి, మార్చాలి. ఈలోగా బెంగళూరులో ఉద్యోగం చేసే బామ్మర్ది, ఆదివారాలు జీపుల వాళ్ళతో కొండలూ గుట్టలూ తిరిగే కుర్రాడు, ట్రాన్స్‌పోర్టు లారీలో నాలుగు వెడల్పు టైర్లు, నాలుగు అల్లాయ్ రిమ్ములు పంపాడు. 31×10.5 ఆర్15, అంటే 31 అంగుళాల ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్ము. దాదాపు 70 వేలు పెట్టాడట. "బావా, ఇవి వెయ్యి. మా అక్క ఇంకోసారి ఇసకలో కూర్చోకూడదు" అని ఫోను చేశాడు.

నాయన వాటిని చూసి కస్సుమన్నాడు. ఆయన పాతికేళ్ళు మహీంద్రా జీపు నడిపిన మనిషి. "రేగట్లో ఎడల్పు చక్రం తొక్కితే బురద మీద తేలాడ్తాది గానీ కర్సుకోదురా. ట్రాక్టరు ముందు చక్రం చూడు, ఎంత సన్నముండాది! నా జీపుకు అదే టైరు. ఏనాడన్నా దిగబడిందా? ఆ పొద్దు నువ్వు గాలి తీసుండాల్సింది. ఇవి బిగిస్తే నేను బండెక్కను" అన్నాడు. భార్య మాత్రం నోరు విప్పడం లేదు. టైర్లు వారం నుంచి వసారాలో గోనెపట్టా కింద ఉన్నాయి. "ఎవరి మాట విన్నా ఇంకొకరిని కాదన్నట్టే. అసలు ఏది మంచిదో నాకే తెలియదు. చెప్పండి" అని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఆ పొద్దు నువ్వు గాలి తీసుండాల్సింది" అన్నాడు మీ నాయన. మీరు దాన్ని దెప్పిపొడుపుల్లో కలిపి రాసేశారు. అంతకు ముందు పేజీలోనే "వారం కిందటే గాలి కొట్టించాను, నాలుగింట్లోనూ 35 ఉంది, టైర్లలో తప్పు లేదు" అని మీరే రాశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ సాయంత్రం ఏం జరిగిందో చాలావరకు తెలిసిపోతుంది.

మీ బండీ, మనుషులూ, సామానూ కలిపి రెండు టన్నులనుకుందాం. ఒక్కో చక్రం మీద 500 కిలోలు. ఆ బరువును నేల మీద మోసేది ముఖ్యంగా లోపలి గాలి. 35 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండున్నర కిలోలు. అంటే 500 కిలోలు మోయడానికి టైరు సుమారు 200 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకితే చాలు. మీ థార్‌తో వచ్చిన 235/70 ఆర్16 టైరు (235 మిల్లీమీటర్ల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము) నేల మీద 19 సెంటీమీటర్ల వెడల్పున తొక్కుతుందనుకుంటే, ఆ జాడ పొడవు 11 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అదే గాలితో మీ బామ్మర్ది పంపిన టైరు వేస్తే? అది 22 సెంటీమీటర్ల వెడల్పున తొక్కుతుంది, కానీ పొడవు తొమ్మిదికి తగ్గుతుంది. తాకే చోటు అంతే. ఆకారం మారింది, అడ్డం పెరిగి నిలువు తగ్గింది. ఇప్పుడు మీ పాత టైర్లలోనే గాలి 16కు దించండి. తాకే చోటు 440 దాటుతుంది, పొడవు 23 సెంటీమీటర్లవుతుంది. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంలో ఈ అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. లెక్క పోయే దారి మాత్రం ఇదే.

ఇసకలో ఆ పొడవే కావాలి. చక్రం ముందు ఇసక గుట్టగా లేస్తుంది, దాన్ని తోసుకుంటూ పోవడానికే ఇంజను శక్తంతా ఖర్చవుతుంది. టైరు ఎంత వెడల్పుంటే ముందు అంత వెడల్పు గుట్ట లేస్తుంది. జాడ పొడుగ్గా ఉంటే బరువు వెనక్కూ ముందుకూ పరుచుకుంటుంది, టైరు లోతుకు దిగదు, ముందు గుట్టే తక్కువ లేస్తుంది. బుల్డోజరు గొలుసు చక్రం పని చేసేదీ ఇలాగే. అందుకే గాలి దించిన మామూలు టైరు, గాలి నిండుగా ఉన్న వెడల్పు టైరు కంటే ఇసకలో దూరం పోతుంది. రెండింట్లోనూ గాలి దించితే వెడల్పు టైరు తప్పకుండా ముందుంటుంది, ఆ మాట దాచను. మీ బామ్మర్ది, ఆయన స్నేహితులు చేసేది అదే అయ్యుంటుంది. ఆదివారం బయటికి పోయేవాళ్ళు బండిలో గాలి కొలిచే గేజీ, గాలి పంపు లేకుండా కదలరు. ఆయన మీకు టైర్లు పంపాడు, దాంతోపాటు నడవాల్సిన అలవాటు పంపలేదు. ఆ టైర్లు వేసుకుని 35 గాలితో అదే దారిలో పోతే అదే చోట మళ్ళీ ట్రాక్టరు కోసం ఎదురు చూడాల్సి రావచ్చు. నాకు భయం అక్కడే.

ఆ సాయంత్రం మీకు ఎదురైన ఇసక సంగతి కూడా చెప్పాలి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఉన్న దిబ్బలు ఏటి అడుగున ఉండే గరుకు ఇసక కాదు. ఏడాదికి చాలా నెలలు ఎండిపోయి ఉండే ఏటి నుంచి పడమటి గాలి లేపి, తెచ్చి, తూర్పు ఒడ్డు చేన్ల మీద పోసిన సన్న ఇసక. గాలిలో దొర్లి దొర్లి రేణువులు నున్నబడతాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. ఆషాఢ గాలికి పొద్దున ఉన్న జాడ సాయంత్రానికి ఉండదు. మీరు పొద్దున వచ్చిన దారే అనుకుని పోయారు. అది అప్పటికి కొత్త దారి. ఆ నేల మీద ఆ నెలలో, ఆ గాలితో, అలవాటు లేని చెయ్యి ఎవరిదైనా దిగబడేది. మీ అత్తగారు అన్న మాట నొప్పించిందని రాశారు. బిడ్డకు జ్వరం, చీకటి, కూతురు ఇసకలో కూర్చుని ఉంది. ఆమె ఆ రెండు గంటలూ ఫోను పట్టుకుని ఎలా గడిపిందో ఒక్కసారి తలుచుకోండి. ఆ మాటలో మీ మీద తీర్పు కంటే ఆ రెండు గంటల భయమే నాకు ఎక్కువ వినబడుతోంది. అయినా అది మిమ్మల్ని నొప్పించడం న్యాయమే, దాన్ని తేలిగ్గా తీసుకొమ్మని చెప్పను. ఆ మాటకు జవాబుగా 70 వేల టైర్లు బిగించుకుంటే మాత్రం నొప్పి తీరదు.

ఇక మీ నాయన మాట. ఆయన చెప్పింది రేగడి గురించి, అందులో చాలా నిజముంది. మన అనంతపురం జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. అది కూడా నాలుగైదు దెబ్బల్లో పడిపోతుంది. ఒక అదను వాన పడ్డప్పుడు రేగడిలో పైన మూడు నాలుగు అంగుళాలే తడుస్తుంది, కింద ఇంకా గట్టిగా ఉంటుంది. పైన తడిసింది సబ్బులా జారుతుంది. అలాంటప్పుడు సన్న టైరు ఆ జారుడు పొరను కోసుకుని కింది గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పు టైరు పైనే నిలబడి పక్కకు జారుతుంది. మీ నాయన 'తేలాడ్తాది' అన్నది ఇదే, ఆయన కళ్ళతో చూసిందే. అదీగాక రేగడి బంక. రెండు చుట్లు తిరిగేసరికి టైరు గాళ్ళన్నీ మూసుకుపోయి చక్రం నున్నటి మట్టి గుండవుతుంది. వెడల్పు టైరు మోసుకొచ్చే మట్టి కూడా ఎక్కువే, అది లోపలి వైపు ఛాసిస్‌కు, మడ్‌గార్డుకు ఒరుసుకుంటుంది.

కానీ మూడు రోజుల ముసురు పట్టి నేల మోకాలి లోతు నానితే సంగతి వేరు. అందుకోవడానికి కింద గట్టి నేలే ఉండదు. అప్పుడు సన్న టైరు కోసుకుంటూ పోయి ఇరుసు దాకా కూర్చుంటుంది. అలాంటి రోజున మీ చేన్లోకి సన్నదైనా వెడల్పుదైనా ఏ థార్‌నూ దింపకండి. నడిచి వెళ్ళండి, ట్రాక్టరు మీద వెళ్ళండి.

ట్రాక్టరు ముందు చక్రం గురించి ఆయన అన్నది కూడా సగం దాకా ఒప్పుకుంటాను. మన పక్క ట్రాక్టర్లకు చాలావాటికి ముందు టైరు 6.00-16. పాత జీపులకూ అదే సైజు వచ్చేది. మీ నాయన ఒకే టైరని చెప్పింది కొలత వరకు ముమ్మాటికీ నిజం. అయితే ఆ ముందు చక్రం పని దారి చూపడం. లాగేది వెనకది. అది 13.6-28. వెడల్పే పదమూడున్నర అంగుళాలు, ఎత్తు నాలుగడుగుల పైన. దుక్కిలో దాని గాలి కూడా పన్నెండు, పద్నాలుగు దగ్గరే ఉంచుతారు. అంటే ఒకే ట్రాక్టరుకు సన్నమూ ఉంది, వెడల్పూ ఉంది, దేని పని దానిది. ఆయన జీపు ఏనాడూ దిగబడలేదంటే దానికి టైరు సన్నం ఒక్కటే కారణం కాదు. ఆ జీపు గుడ్డ టాపుది, ఇంట్లో ఉన్న ఈ థార్ కంటే బాగా తేలిక. ఇంకో కారణం ఆయన నోటే విన్నారు: గాలి తీసేవాడు. అడగండి ఆయన్ను, ఎంత తీసేవాడో, తిరిగి ఎలా కొట్టించేవాడో. ఆ కాలంలో గేజీ లేక అగ్గిపుల్లతో వాల్వు నొక్కి, టైరు పొట్ట ఉబ్బడం చూసి ఆపేవాళ్ళు, అవతలి ఒడ్డున చేతి పంపుతో చెమటలు కక్కుకుంటూ కొట్టుకునేవాళ్ళు. నేను తాడిపత్రి దగ్గర పెన్న ఇసకలో అలా కొట్టిన వాణ్ణే.

నా చిన్నప్పుడు ఆ పెన్న ఇసకలోనే ఎడ్ల బండ్లు చూశాను. కొయ్య చక్రం మనిషి ఛాతీ ఎత్తు, ఇనప పట్టా రెండంగుళాలు. రేగడి దారిలో గాడిలో పడి చక్కగా పోయే ఆ చక్రమే ఇసకలో కత్తిలా దిగేది. ఏరు దాటాలంటే ఇంకో జత ఎడ్లను కట్టేవాళ్ళు. టైరు బండ్లు వచ్చాక ఇసక తోలేవాళ్ళంతా వాటికే మారిపోయారు. కొయ్య చక్రాలను నమ్మిన పెద్దలు తప్పు చెప్పలేదు, టైరు బండి కొన్న పిల్లలూ తప్పు చెయ్యలేదు. నేల వేరు. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే. మీ నాయన మీ చేను గురించి మాట్లాడుతున్నాడు, మీ బామ్మర్ది వాళ్ళ ఊరి దారి గురించి మాట్లాడుతున్నాడు. వాన పడితే ఆ ఇసక గట్టిపడుతుంది, మీ రేగడి కరుగుతుంది. ఎండితే రేగడి రోడ్డులా ఉంటుంది, ఇసక జారిపోతుంది. ఒకే బండి ఈ రెండు నేలల మీదా తిరగాలి.

అసలు ఎక్కువ తిరిగేది ఆ రెంటి మీద కూడా కాదు. మీ లెక్క ప్రకారమే నెలకు వెయ్యి కిలోమీటర్ల దాకా తారురోడ్డు. చేనుకు ఒక యాభై. ఇసక రెండు కిలోమీటర్లు పోనూ, రెండు రానూ. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని, అప్పుడు వసారాలో ఉన్న టైర్లను చూడండి.

అవి వేసుకుంటే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెబుతాను. మీ పాత టైరు ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు, ఇవి 787. ఇరుసు ఒక అంగుళం లేస్తుంది, అది మేలు. చక్రం చుట్టుకొలత ఏడు శాతం పెరుగుతుంది. మీటరు 60 చూపిస్తుంటే మీరు 64లో పోతుంటారు. గేరు అంత బరువెక్కినట్టే, తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది, డీజిలు కొంచెం ఎక్కువ తాగుతుంది. వాన నీళ్ళు నిలిచిన తారురోడ్డు మీద వెడల్పు టైరు నీటిని పక్కకు తోయలేక నీటి మీదే తేలే ప్రమాదం ఎక్కువ. సన్నది నీటిని కోసుకుంటుంది. స్టీరింగు బరువవుతుంది. రిమ్ము బయటికి తోసుకొచ్చే రకమైతే బేరింగుల మీద భారం పెరుగుతుంది, రాళ్ళూ మట్టీ తలుపుల మీద పడతాయి. 16 అంగుళాల రిమ్ము తీసి 15 వేస్తున్నారు, లోపల బ్రేకు క్యాలిపరుకు తగలకుండా తిరుగుతుందేమో ముందు ఒక్క చక్రం బిగించి చేత్తో తిప్పి చూడాలి. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో చూడాలి.

ఈ కష్టాలన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. నన్ను బాగా ఆపేది ఐదో టైరు. ఆయన నాలుగే పంపాడు. మీ స్టెప్నీ పాత కొలతదే. మీ రెండు దారుల్లోనూ కంపచెట్లే, ఆ ముల్లు ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏదో ఒక రోజు పంక్చరవుతుంది, ఏడు శాతం పొట్టి చక్రం ఒక పక్క బిగిస్తారు. టూ వీల్‌లో మెల్లగా ఇల్లు చేరొచ్చు. ఆ పరిస్థితిలో ఫోర్ వీల్ వేశారంటే ముందు ఇరుసూ వెనక ఇరుసూ వేర్వేరు వేగాల్లో తిరగాలని చూస్తాయి, రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ గేర్లూ మెలిపడతాయి. ఇసకలో సరిగ్గా మీకు అవసరమైన నిమిషాన ఫోర్ వీల్ చేతికి రాకుండా పోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పకపోతే తప్పవుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. టైరు బాడీ దాటి బయటికి కనబడుతుంటే రోడ్డు మీద ఆపేవాళ్ళకు అదే మొదట కనబడుతుంది. అంతకంటే పెద్దది ఇన్సూరెన్సు. రేపు ఏదైనా జరిగి క్లెయిము పెట్టుకుంటే, చెప్పకుండా చేసిన మార్పును చూపించి పేచీ పెట్టే అవకాశం వాళ్ళకు మనమే ఇచ్చినట్టు.

ఇంత చెప్పాక కూడా వాటినే వేసుకోవాలని మీకు అనిపిస్తే అది మరీ తెలివితక్కువ పనేమీ కాదు. ఐదో టైరు, ఐదో రిమ్ము కొనండి. ఇన్సూరెన్సు వాళ్ళకు రాతపూర్వకంగా తెలపండి. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆ గోడ మీదే ముద్రించిన బరువు మోసే అంకె పాత టైరుకంటే తక్కువ లేకుండా చూసుకోండి. అప్పుడు మీకు ఇసకలో ధైర్యం వస్తుంది, బామ్మర్దికి సంతోషం. తారురోడ్డు మీద రోజూ మోత, జేబుకు కొంత బరువు, మీ నాయన కొన్నాళ్ళు బండెక్కకపోవడం కూడా వస్తాయి.

రెండో దారి, పాత కొలతలోనే కొత్త టైర్లు. 235/70 ఆర్16, అన్ని నేలలకూ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం, గాళ్ళు విడివిడిగా ఉండి మట్టిని విదిలించేవి. నాలుగు కొని, ఉన్నవాటిలో మంచిది స్టెప్నీగా ఉంచుకోవచ్చు, కానీ అది ఎంత అరిగిందో చూడండి. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే దాని ఆయుష్షు చట్టం ప్రకారమూ అయిపోయినట్టే. దీంతో పాటు ఒక గేజీ, బ్యాటరీకి తగిలించుకునే పన్నెండు వోల్టుల గాలి పంపు. ఇసక మొదలయ్యే చోట ఆగి 16కు దించాలి. ఆ గాలితో వేగం గంటకు ముప్పై కిలోమీటర్లు దాటకూడదు, ఒక్కసారిగా స్టీరింగు కోయకూడదు, కోస్తే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. తారురోడ్డెక్కగానే ఆగి మళ్ళీ కొట్టుకోవాలి. దానికి పావుగంట పైన పడుతుంది. జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళో ఉన్న రోజున కూడా ఆ పావుగంట ఆగే ఓపిక కావాలి. ఆ ఓపిక లేకపోతే ఈ దారి మీకు పనికి రాదు, అదే దీనిలో కష్టం.

మూడోది నడిమి దారి. 245/75 ఆర్16. కొత్త థార్‌లో కొన్ని రకాలకు కంపెనీయే ఇచ్చిన కొలత, కాబట్టి దొరకడం కష్టం కాదు. మీ రిమ్ములే సరిపోతాయి. వెడల్పు సెంటీమీటరే ఎక్కువ, ఎత్తు మాత్రం దాదాపు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. ఎత్తు పెరిగితే గాలి దించినప్పుడు జాడ ఇంకా పొడుగవుతుంది, రేగడిలో పెద్దగా తేలదు. మీ నాయన జీపు గుణమూ, మీ బామ్మర్ది కోరికా కొంత కొంత ఉన్న టైరు ఇది. కానీ ఇదీ మీ బండికి ఇచ్చిన కొలత కాదు. చట్టం మాట, ఇన్సూరెన్సు మాట దీనికీ వర్తిస్తాయి. మీటరు తేడా ఐదు శాతం. ఐదూ కొనాలి.

రెండు జతలు పెట్టుకుని ఊరికి పోయినప్పుడల్లా మార్చుకోవచ్చు కదా అని ఉత్తరం చివర అడిగారు. నెలకు నాలుగు కిలోమీటర్ల ఇసక కోసం నాలుగు చక్రాలు విప్పి బిగించే పని రెండు నెలలు చేస్తారు, మూడో నెల మానేస్తారు. దాని గురించి ఇంకేమీ చెప్పను.

నేనైతే రెండో దారిలో పోతాను. నా బండి, నా ఇల్లు అయితే. మీ ఇంటి సంగతి మీకే తెలియాలి, ఎందుకంటే ఇక్కడ టైర్ల కంటే సున్నితమైనది ఒకటి ఉంది.

మీ భార్య మాట్లాడటం లేదని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. తమ్ముడు ప్రేమతో పంపినదాన్ని మామ తిరగ్గొట్టాడు, భర్త గోనెపట్టా కప్పాడు. ఆమె ఎవరి వైపు మాట్లాడినా తప్పే అవుతుంది. నాకు తెలిసి ఆమె ఎవరినీ టైర్లు అడగలేదు. ఆ రాత్రి తమ్ముడికి జరిగింది చెప్పుకుంది, అంతే. తన భయం చెప్పుకుంటే అది రబ్బరుగా మారి లారీలో ఇంటికొచ్చింది, ఇప్పుడు దాని మీద పోట్లాట. కాబట్టి మొదట మాట్లాడాల్సింది మీ నాయనతోనూ కాదు, బామ్మర్దితోనూ కాదు. ఆమెతో కూర్చోండి. "ఆ రోజు గాలి దించి ఉంటే బయటపడేవాళ్ళం, నాకు తెలియలేదు" అని చెప్పండి. మీకు తెలియకపోవడం నేరం కాదు, ఆమె ఆ మాట మీ నోట వినాలి. తర్వాత ఏ టైరు వేయాలో ఆమెను అడగండి. ఇసకలో బిడ్డను పట్టుకుని కూర్చున్నది ఆమె, మీ ఉత్తరంలో అందరి అభిప్రాయమూ ఉంది, ఆమెది లేదు.

బామ్మర్దికి ఫోనులో చెప్పకండి, మనిషిగా వచ్చినప్పుడు చెప్పండి. టైర్లు వాడకుండా ఉన్నాయి కాబట్టి ఆయన తిరిగి తీసుకుని అమ్ముకోవచ్చు, లేదా ఆయన స్నేహితుల్లో ఎవరికైనా పనికొస్తాయి. "నీ టైర్లు వద్దు" అంటే చిన్నబుచ్చుకుంటాడు. "ఇసకలో నడపడం నేర్పించు, దానికి రా" అంటే పరుగెత్తుకుంటూ వస్తాడు. తెలిసినవాడు, అది మీకు నిజంగా అవసరం కూడా. దిగబడగానే కాలు తీసేయడం, ముందు చక్రాలు తిన్నగా పెట్టడం, చేత్తో ఇసక తోడటం, వచ్చిన జాడ మీదే వెనక్కి రావడం, ఇసక మొదలవక ముందే ఫోర్ వీల్ వేసుకోవడం. మీరు దిగబడ్డాక వేశారు. అప్పటికే చక్రాలు గుంత తవ్వుకున్నాయి. ఇవి పుస్తకంలో చదివితే రావు, పక్కన ఒకరు కూర్చుని చెప్పాలి.

ఒక ఆదివారం పెట్టుకోండి. వానల్లో వద్దు, తడిసిన ఇసకలో ఏ టైరైనా పోతుంది. మాఘమో ఫాల్గుణమో వచ్చాక, ఇసక బాగా ఎండిన రోజు చూసుకోండి. ఎండెక్కక ముందే, మామగారి ఊరి దగ్గర, ఒక ట్రాక్టరును, తాడును పక్కన ఉంచుకుని. మీ నాయన, మీ బామ్మర్ది, మీరు. అరిగిన పాత టైర్లతోనే పోండి. మొదట 35 గాలితో మీరు దిగబడ్డ చోటికే నడపండి, ఆగిపోతే ఆగిపోనివ్వండి. జాడ పొడవు, లోతు టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత అక్కడే 16కు దించి మళ్ళీ కొలవండి. ఆ కాగితం చూశాక కూడా మీ బామ్మర్ది తన టైర్లే కావాలంటే ఆయన మాటకు ఒక బలముందని ఒప్పుకుని ఐదోదాని గురించి మాట్లాడండి.

గాలి దించే పని మాత్రం మీరు చేయకండి. గేజీ మీ నాయన చేతికివ్వండి. ఆయన దాన్ని పక్కన పెట్టి అగ్గిపుల్ల అడిగితే, అదే ఇవ్వండి.